మూగబోయిన కంప్యూటరు

పిల్లలూ! మీ ఇంట్లోనో బడిలోనో కంప్యూటరును చూచే ఉంటారు. మీట నొక్కగానే చిన్న దీపం వెలుగుతుంది, లోపల ఫాను తిరుగుతుంది, తెర మీద కంపెనీవారి గుర్తు ఒకటి కనబడుతుంది. ఆ తరువాత మనం చదువుకొనేవీ, ఆడుకొనేవీ అన్నీ వస్తాయి. రోజూ జరిగేదే గనుక దీని సంగతి ఎవరూ ఆలోచించరు. కాని ఒక్కొక్కప్పుడు మీట నొక్కితే దీపం వెలుగుతుంది, ఫాను తిరుగుతుంది, తెర మాత్రం అమావాస్య రాత్రిలాగా నల్లగా ఉండిపోతుంది. ఎంతసేపు చూచినా ఉలుకూ పలుకూ ఉండదు. దీనికి కారణాలు చాలా ఉండవచ్చు. వాటిలో ఒకటి మహా చిత్రమైనది. కంప్యూటరు లోపల ఏ వస్తువూ చెడదు, ఏ తీగా కాలదు, ఐనా అది లేవదు. లేవగానే తాను ఏం చెయ్యాలో మరిచిపోయింది, అంతే! ఇటువంటి దానిని చచ్చిందనుకొని పాత సామాన్లవాడికి తూకానికి వేసినవారు ఉన్నారు. అది చావలేదు. మరిచిన పాఠాన్ని దానికి మళ్ళీ చెప్పవచ్చు.

ఆ పాఠం ఏమిటో ముందు తెలుసుకొందాం. బడి తలుపులు తెరిచేది ఎవరు? హెడ్మాస్టరు కాదు, పంతుళ్ళు కాదు, బంట్రోతు! పొద్దున్నే వచ్చి తాళాలు తీస్తాడు, గదులు ఊడుస్తాడు, బెంచీలు సరిగా ఉన్నవో లేవో చూస్తాడు, కుండలో నీళ్ళు పోస్తాడు. అప్పుడు గాని హెడ్మాస్టరు వచ్చి కుర్చీలో కూర్చోడు. కంప్యూటరులో హెడ్మాస్టరు వంటిది విండోసు, లినక్సు మొదలైన ఆపరేటింగ్ సిస్టమ్. అది డిస్కులో నిద్రపోతూ ఉంటుంది. దానిని లేపే బంట్రోతు పేరే బయాస్. పూర్తి పేరు బేసిక్ ఇన్‌పుట్ అవుట్‌పుట్ సిస్టమ్. 1970లలో అమెరికాలో గారీ కిల్డాల్ అనే ఆయన తాను తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక భాగానికి ఈ పేరు పెట్టాడు. ఈనాటి కంప్యూటర్లలో ఉండేది దాని తరువాతి తరంది, దాని పేరు యు.ఇ.ఎఫ్.ఐ. ఐనా జనం నోట పాత పేరే నిలిచిపోయింది. మనమూ బయాస్ అనే అందాం.

కంప్యూటరుకు మెదడు ప్రాసెసరు అంటారు. అది క్షణంలో కోట్ల లెక్కలు చేయగలదు. కాని లేచిన క్షణంలో దానికి ఏమీ తెలియదు, పసిపాప వంటిది. పుట్టుకతో తెలిసినది ఒక్కటే, తాను మొట్టమొదట చదవవలసిన చోటు. 1978లో ఇంటెల్ కంపెనీవారు తెచ్చిన 8086 అనే ప్రాసెసరు, తనకు అందే 1 మెగాబైటు జాగాలో చిట్టచివరకు పోయి, చివరికి 16 బైట్లు ఇవతల చదవడం మొదలుపెట్టేది. దాని వంశంలో తరువాత పుట్టినవి కూడా ఆ అలవాటు మానలేదు. జాగా పెరిగింది గనుక ఇప్పుడవి 4 గిగాబైట్ల సరిహద్దుకు 16 బైట్లు ఇవతల చదువుతాయి. పదహారు బైట్లలో ఏం పడుతుందని మీరు అడగవచ్చు. “ఫలానా చోటికి వెళ్ళు” అనే ఒక్క ఆజ్ఞ పడుతుంది. అది చాలు! అక్కడినుంచి బయాస్ చెప్పినట్టల్లా ప్రాసెసరు నడుచుకొంటుంది. ర్యామ్ అనే జ్ఞాపకస్థానం కూడా ఆ క్షణంలో పనిచేయదు. దానిని దారికి తెచ్చేదీ బయాసే, కీబోర్డు ఉన్నదో లేదో, తెర ఉన్నదో లేదో చూచేదీ అదే. లోపం కనబడితే కొన్ని కంప్యూటర్లు కుయ్ కుయ్ మని కూస్తాయి.

ఇంత ముఖ్యమైన పాఠాన్ని ఎక్కడ వ్రాసి ఉంచాలి? ర్యామ్‌లో వ్రాస్తే కరెంటు తీయగానే పోతుంది. డిస్కులో వ్రాస్తే, డిస్కును చదవడం నేర్పేదే బయాస్ కదా! అందుకని దానికి వేరే చిప్పు ఒకటి పెట్టారు. 1981లో ఐ.బి.ఎం. కంపెనీవారు తెచ్చిన పర్సనల్ కంప్యూటరులో బయాస్ 8 కిలోబైట్లు మాత్రమే. దానిని కార్ఖానాలోనే చిప్పులో అచ్చువేసేవారు. అది శిలాశాసనం వంటిది. చెరపడం ఎవరి తరమూ కాదు, తప్పు దొర్లితే దిద్దడమూ ఎవరి తరమూ కాదు. చిప్పునే మార్చాలి.

చెరిపి వ్రాయగలిగే చిప్పు ఒకటి 1971 నాటికే ఉన్నది. ఇంటెల్‌లో పనిచేస్తున్న డోవ్ ఫ్రోమన్ అనే ఆయన దానిని కనిపెట్టాడు. దాని నెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. గాజంటే మామూలుది కాదు, క్వార్ట్‌జ్. ఆ కిటికీలోనుంచి అతినీలలోహిత కాంతిని కొంతసేపు పడనిస్తే లోపలి వ్రాత అంతా చెరిగిపోతుంది. మళ్ళీ వ్రాసిన తరువాత వెలుతురు చొరబడకుండా కిటికీ మీద కాగితం అతికించేవారు. కాని ఇంట్లో కూర్చుని ఈ పని ఎవరు చేయగలరు? జపానులో తోషిబా కంపెనీకి చెందిన ఫుజియో మసువోకా అనే ఆయన, కరెంటుతోనే గబుక్కున ఒక్క తుడుపున చెరిగిపోయే చిప్పు సంగతి 1984లో లోకానికి చెప్పాడు. తళుక్కుమనే కెమెరా మెరుపు గుర్తుకు వచ్చి ఆయన సహోద్యోగి ఒకరు దానికి ఫ్లాష్ అని పేరు పెట్టారు. మీ పెన్‌డ్రైవులో ఉన్నది ఆ ఫ్లాషే. బయాస్ నివాసం కూడా ఇప్పుడు అందులోనే. చిటికెనవేలి గోరంత చిప్పు, ఎనిమిది కాళ్ళు, లోపల 16 మెగాబైట్లో 32 మెగాబైట్లో జాగా. 16 మెగాబైట్లంటే ఆ 1981 నాటి బయాస్‌కు రెండువేల రెట్లకు పైమాటే!

ఫ్లాష్‌కు ఒక గుణమున్నది. అది పలక వంటిది. పలక మీద “అ” వ్రాసి ఉంటే, తుడవకుండా దాని మీదే “క” వ్రాస్తే ఏమవుతుంది? రెండూ చదవడానికి రావు. ఫ్లాష్ కూడా అంతే. పాతది తుడవనిదే కొత్తది ఎక్కదు. పైగా ఒక్క అక్షరాన్ని తుడవడానికి లేదు, ఒక గడి మొత్తం తుడవాలి. తుడిచిన గడిలో అన్నీ ఒకట్లే ఉంటాయి. వ్రాయడమంటే ఆ ఒకట్లలో కావలసినవాటిని సున్నాలు చేయడం. బయాస్‌ను కొత్తది చేయడమంటే ఇదే, తుడవడం, వ్రాయడం, తుడవడం, వ్రాయడం. రెండు మూడు నిమిషాల పని. ఆ నిమిషాలలో, పలక సగం తుడిచి ఉండగా, కరెంటు పోయిందనుకోండి. లేదా ఇంకొక కంప్యూటరు తాలూకు పాఠాన్ని పొరపాటున వ్రాశారనుకోండి. మళ్ళీ మీట నొక్కినప్పుడు ప్రాసెసరు అలవాటు చొప్పున తన చోటికి పోయి చూస్తుంది. అక్కడ ఖాళీ పలక! ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోతుంది. ఫాను తిరగడానికి ఎవరి ఆజ్ఞా అక్కరలేదు గనుక అది మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

మరి ఈ ప్రమాదం నెత్తిన పెట్టుకొని కొత్తది వ్రాయడం ఎందుకు? అవసరాలు ఉన్నవి. 2017లో ఎ.ఎం.డి. కంపెనీవారి రైజెన్ ప్రాసెసర్ల కోసం చేసిన మదర్‌బోర్డులు, 2020లో వచ్చిన కొత్త రైజెన్‌ను గుర్తుపట్టాలంటే కొత్త బయాస్ కావలసి వచ్చింది. ఇన్ని రకాల ప్రాసెసర్ల పాఠాలు 16 మెగాబైట్ల పలక మీద పట్టక, కొన్ని బోర్డులలో రంగురంగుల బొమ్మలు తీసివేసి సాదా తెర పెట్టారు. దొంగలు చొరబడే కంతలు బయటపడినప్పుడు వాటిని పూడ్చడానికి కూడా కొత్త బయాస్ వస్తుంది. కంపెనీవారు ఫలానా లోపం దిద్దామని చెప్పి, ఆ లోపం మనకు సంబంధించినదైతే వ్రాయవలసిందే. అటువంటి కారణమేమీ లేకుండా, కొత్త నంబరు వచ్చింది గదా అని ఉబలాటపడి వ్రాయడం నాకు నచ్చదు.

మనుషులు కావాలని ఈ పలకను చెరిపిన ఉదంతం కూడా ఉన్నది. 1998లో తైవానులో చెన్ ఇంగ్-హౌ అనే విద్యార్థి ఒక వైరస్ వ్రాశాడు. అది కంప్యూటర్లలో చేరి చప్పుడు చేయకుండా కూర్చుని, 1999 ఏప్రిల్ 26న ఒక్కసారిగా లేచింది. డిస్కు మొదటి భాగాన్ని సున్నాలతో నింపి, వీలైన చోట బయాస్ చిప్పు మీద చెత్త వ్రాసింది. 1986లో అదే తేదీన చెర్నోబిల్ అణుకేంద్రం పేలింది గనుక జనం దానిని చెర్నోబిల్ వైరస్ అన్నారు. ఆసియా దేశాలలో ఎన్నో కంప్యూటర్లు ఆ పొద్దున నల్లతెరలతో మిగిలిపోయాయి.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళి అయితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత మీ అవ్వల నోట వినే ఉంటారు. ఇక్కడ సరిగ్గా అదే వచ్చి పడింది. బయాస్‌ను మళ్ళీ వ్రాయాలంటే కంప్యూటరు లేవాలి. కంప్యూటరు లేవాలంటే బయాస్ ఉండాలి! ఈ ముడిని విప్పడానికి బోర్డులు చేసేవారు రకరకాల ఉపాయాలు పన్నారు.

మొదటి ఉపాయం, పలకలో ఒక మూలను తుడవకుండా కాపాడటం. దీనిని బూట్ బ్లాక్ అంటారు. అది బంట్రోతు కాదు, బంట్రోతు రానినాడు గేటు తీసే పక్కింటి ముసలాయన అనుకోండి. గదులన్నీ తెరవడం ఆయనకు చేతకాదు, గేటు ఒక్కటే తీయగలడు. పాతకాలపు బోర్డులలో ఈ మూల ఒక్క ఫ్లాపీ డిస్కును మాత్రం చదవగలిగేది. తెర నల్లగా ఉన్నా, బయాస్ ఫైలు ఉన్న ఫ్లాపీని పెట్టి ఊరుకొంటే, చీకట్లోనే గరగరమని చదివి పలకను పూర్తిగా వ్రాసుకొనేది. తరువాతి బోర్డులలో ఫ్లాపీకి బదులు పెన్‌డ్రైవు వచ్చింది. కొన్ని ల్యాప్‌టాపులలో ఇందుకు రహస్యపు మీటలు ఉన్నవి. హెచ్.పి. వారివి అనేకం విండోస్ మీటా, బి అక్షరమూ కలిపి పట్టుకొని పవర్ నొక్కితే ఈ పనికి పూనుకొంటాయి. డెల్ వారి వాటిలో చాలావరకు కంట్రోల్, ఎస్కేప్ మీటలు పట్టుకొని ఛార్జరు తగిలించాలి.

రెండవ ఉపాయం, పలకలు రెండు పెట్టడం. గిగాబైట్ అనే కంపెనీవారి డ్యూయల్ బయాస్ బోర్డులలో ఒకటి చెడితే రెండవది పని అందుకొని, మొదటిదానికి తన పాఠాన్ని ఎక్కిస్తుంది.

మూడవది నాకు అన్నిటికంటె నచ్చినది. ప్రాసెసరు లేవకపోతే పోయింది, వ్రాసే పనికి ప్రాసెసరే అక్కరలేకుండా చేశారు! బోర్డు మీద వేరే చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. దాని పని, గుర్తు పెట్టిన ఒక యు.ఎస్.బి. రంధ్రంలో ఉన్న పెన్‌డ్రైవును చదివి బయాస్ చిప్పులో వ్రాయడం, అంతే. ఆసుస్ వారు దీనిని బయాస్ ఫ్లాష్‌బ్యాక్ అంటారు, ఎం.ఎస్.ఐ. వారు ఫ్లాష్ బయాస్ బటన్ అంటారు. ప్రాసెసరూ ర్యామూ లేని ఉత్త బోర్డు మీద కూడా ఇది పనిచేస్తుంది, కరెంటు ఒక్కటి ఉంటే చాలు. ఇంకొక కంప్యూటరులో ఆ బోర్డు మోడలుకు సరిపోయే ఫైలు తెచ్చుకోవాలి. మోడలు పేరు ఒక్కటే చాలదు, బోర్డు మూలన అచ్చువేసిన రివిజన్ నంబరు కూడా కలవాలి. పెన్‌డ్రైవును ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చేసి, కంపెనీవారు చెప్పిన పేరు ఆ ఫైలుకు పెట్టి, ఆ రంధ్రంలోనే గుచ్చి మీట నొక్కాలి. దీపం మినుకుమినుకుమంటుంది. అది ఆగేదాకా దానిని ముట్టుకోకూడదు. ఫైలు పేరులో ఒక్క అక్షరం తప్పినా ఆ చిప్పు గుర్తుపట్టదు. రంధ్రం మారినా అంతే. పాపం, దానికి తెలిసింది అంతవరకే!

ఈ ఉపాయాల జోలికి పోకముందు చేసి చూడవలసినది ఒకటి ఉన్నది. బోర్డు మీద రూపాయి బిళ్ళలాగా మెరిసే చిన్న బ్యాటరీ ఉంటుంది. సి.ఆర్. 2032 అంటారు, 3 వోల్టులది. కంప్యూటరుకు ప్లగ్గు పూర్తిగా ఊడదీసి, పవర్ మీట కొన్ని క్షణాలు నొక్కిపట్టి, ఆ బిళ్ళను కొద్ది నిమిషాలు తీసి మళ్ళీ పెడితే, గడియారమూ, మనం మార్చిన అమరికలూ మొదటికి వస్తాయి. అమరికల తప్పువల్లనే తెర నల్లబడి ఉంటే దీనితోనే బాగుపడుతుంది. కాని చెరిగిన పాఠం దీనితో తిరిగిరాదు. బ్యాటరీ తీస్తే బయాస్ బాగవుతుందని చాలామంది అనుకొంటారు. బ్యాటరీకీ ఫ్లాష్ చిప్పులోని వ్రాతకూ సంబంధం లేదు. ఇక తల్లిదండ్రులకు ఒక మాట. ఆ బిళ్ళను చంటిపిల్లలకు అందనివ్వకండి. మింగితే గొంతులోనే కాల్చి పుండు చేస్తుంది, క్షణం ఆలస్యం లేకుండా ఆసుపత్రికి పరుగెత్తవలసిన పని. పిల్లలూ, మీరు కూడా పక్కన పెద్దవారు లేకుండా కంప్యూటరు పెట్టె విప్పకండి. పవర్ సప్లై అనే డబ్బానైతే పెద్దవారు ఉన్నా విప్పకండి.

మా వీధిలో తొమ్మిదవ తరగతి చదివే ఒక పిల్లవాడు కిందటేడు ఎండాకాలంలో నా దగ్గరకు పరుగెత్తుకొని వచ్చాడు. బయాస్ వ్రాస్తూ ఉండగా కరెంటు పోయిందట. బోర్డుకు రెండవ చిప్పూ లేదు, మీటా లేదు. వాడి బాధ బోర్డు గురించి కాదు.

“మాస్టారూ, అక్క ప్రాజెక్టు రిపోర్టు అంతా దాంట్లోనే ఉంది. సోమవారం ఇవ్వాలి. అది పోయినట్టేనా?” అన్నాడు. కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నవి.

“బంట్రోతు రాకపోతే బడిలో పుస్తకాలు కాలిపోతాయిరా?” అన్నాను.

వాడికి వెంటనే అర్థం కాలేదు. డిస్కు వేరు, బయాస్ చిప్పు వేరు. ఆ సాయంత్రమే వాళ్ళ నాన్నగారు డిస్కును ఊడదీసి తెచ్చి, మా కంప్యూటరుకు తగిలించారు. రిపోర్టు చెక్కుచెదరకుండా ఉన్నది. అక్క దానిని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొన్న తరువాత గాని ఆ పిల్లవాడు అన్నం తినలేదు. ఐతే ఇది అన్నివేళలా ఇంత సులువు కాదు. ఈనాటి విండోసు చాలాచోట్ల డిస్కును బిట్‌లాకర్ అనే తాళంతో బిగిస్తుంది. అప్పుడు డిస్కు మరొక యంత్రంలో తెరుచుకోవాలంటే 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. బయాస్ మారినప్పుడు అదే యంత్రంలో కూడా అడగవచ్చు. ఆ అంకెలను ముందే కాగితం మీద వ్రాసి బీరువాలో పెట్టుకోవడం మంచిది.

మరునాడు ఆ బోర్డును బజారులో రిపేరు చేసే కుర్రవాడి దగ్గరకు తీసుకుపోయాము. అతను చేసిన పని నేను పక్కనే కూర్చుని చూచాను. అతని దగ్గర అగ్గిపెట్టెకంటె చిన్నదైన ప్రోగ్రామర్ ఒకటి ఉన్నది. సి.హెచ్. 341ఎ అనే చిప్పుతో చేసినది, కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాని ఒక కొస అతని ల్యాప్‌టాపుకు, రెండవ కొసన బట్టలు ఆరవేసే క్లిప్పు వంటిది. ఆ క్లిప్పు బయాస్ చిప్పు ఎనిమిది కాళ్ళనూ కరిచి పట్టుకొంటుంది. చిప్పు మీద ఒక మూల చిన్న చుక్క ఉంటుంది, అది ఒకటవ కాలికి గుర్తు. క్లిప్పు ఎర్రతీగ ఆ వైపు రావాలి. అటుదిటైతే చిప్పు కాలిపోతుంది.

అతను క్లిప్పు పెట్టి వెంటనే వ్రాయలేదు. అక్కడ నాకు అతని మీద గౌరవం కలిగింది. ముందు చిప్పుమీది నంబరు భూతద్దంతో చదివి, అది 3.3 వోల్టులదని రూఢి చేసుకొన్నాడు. కొన్ని ల్యాప్‌టాపులలో 1.8 వోల్టుల చిప్పులు ఉంటాయి, వాటికి మధ్యలో వేరే అడాప్టరు పెట్టాలి. ఈ చౌక ప్రోగ్రామర్లలో నల్ల పలకది ఒకటున్నది, అది కొన్ని తీగలలోకి 5 వోల్టులు పంపుతుంది. అతనిది సరిచేసినదట. తరువాత చిప్పులో మిగిలిన దానిని రెండుసార్లు చదివి, రెండు ఫైళ్ళనూ పోల్చాడు. రెండూ ఒకేలా లేవు! క్లిప్పు సరిగా కరవలేదన్నమాట. తీసి, చిప్పు కాళ్ళను తుడిచి, మళ్ళీ పెట్టి చదివితే రెండూ కలిశాయి. ఆ పాడైన ఫైలును కూడా పారవేయకుండా దాచాడు. ఎందుకయ్యా అని అడిగితే, బోర్డు సీరియల్ నంబరు, నెట్‌వర్కులో దాని చిరునామా, కొన్నింటిలో విండోసు తాళంచెవి కూడా అందులోనే ఉంటాయండీ, కంపెనీవారి ఫైలులో అవి ఉండవు, అన్నాడు. కంపెనీవారి ఫైలు మొదట్లో కొంత అదనపు భాగం ఉండవచ్చు. దానిని తీసివేసి, ఫైలు సరిగ్గా 1,67,77,216 బైట్లు, అనగా 16 మెగాబైట్లు ఉన్నదని చూచుకొని, పాత ఫైలులోనుంచి ఆ బోర్డు సొంత వివరాలను అందులోకి చేర్చి, అప్పుడు వ్రాశాడు. వ్రాసిన తరువాత మళ్ళీ చదివించి అక్షరం అక్షరం సరిచూచాడు. మొత్తం ముప్పావుగంట పట్టింది. అందులో వ్రాయడానికి పట్టింది కొద్ది నిమిషాలే.

బోర్డును ఇంటికి తెచ్చి అన్నీ తగిలించి మీట నొక్కితే మొదట తెర నల్లగానే ఉన్నది. పిల్లవాడి ముఖం వాడిపోయి, మళ్ళీ కట్టేయబోయాడు. నేను చెయ్యి పట్టుకొన్నాను. పాఠం కొత్తగా ఎక్కించిన తరువాత మొదటిసారి బయాస్ ర్యామ్‌ను మొదటినుంచి పరీక్షించి పొత్తు కుదుర్చుకొంటుంది. కొత్త రకం ర్యామ్ ఐతే ఒకటి రెండు నిమిషాలు, ఒక్కొక్కచోట ఇంకా యెక్కువ పడుతుంది. ఆ లోపల కట్టేస్తే లెక్క మళ్ళీ మొదటికి. కొంతసేపటికి ఒక్క కూత కూసి, కంపెనీవారి గుర్తు తెర మీదకు వచ్చింది. తేదీ ఎన్నో యేళ్ళ కిందటిది చూపుతున్నది, దానిని దిద్దాము. డిస్కును చదివే పద్ధతి అనే అమరిక కూడా మారి ఉండటంవల్ల విండోసు లేవకుండా నీలితెర చూపింది. దానిని ముందున్నట్టే పెట్టగానే లేచింది. అక్క ప్రాజెక్టు రిపోర్టు తెరిచి, చివరి పేజీలో మిగిలిన రెండు బొమ్మలకు పేర్లు వ్రాయడం మొదలుపెట్టింది.